ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర

ముప్ఫై ఒకటి. ఇంకా ముప్పావుగంట పడుతుంది, తొందరపడి లాభం లేదు, తొందరపడి చల్లబరిస్తే లోపలున్న ఆ నల్లటి స్ఫటికం, నువ్వుగింజలో సగం కూడా లేని ఆ ప్రాణం, టప్పున చిట్లి ఊరుకుంటుంది, నలభై రోజుల పెంపకం గాలికి పోతుంది, అందుకని నిమిషానికి అర డిగ్రీ, అంతకంటే ఒక్క వీసం ఎక్కువ కాదు, అని ఆవిడ తనకు తానే చెప్పుకుని, కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇవి మన జ్వరం డిగ్రీలు కావు. ఇంతకు మించిన చల్లదనం సృష్టిలో లేదు అనే చోట సున్నా పెట్టి, అక్కణ్ణించి పైకి లెక్కపెట్టే డిగ్రీలు. ఈ లెక్కలో మంచుగడ్డ కూడా రెండు వందల డెబ్భై మూడు దగ్గర కాగుతూ ఉంటుంది. నేలమాళిగలో ఉన్న ఈ గదికి కిటికీ లేదు, పంపు ఒకటి మూలన గుర్రుపెడుతూ ఉంటుంది, మధ్యలో నిలువెత్తు స్టీలు పాత్ర, దాని అడుగున ద్రవంగా మారిన హీలియం, ఆ హీలియంలోకి పైనుంచి అంగుళం అంగుళం దిగుతున్న పొడుగాటి కడ్డీ, కడ్డీ చివర స్ఫటికం, స్ఫటికానికి అతికించిన నాలుగు బంగారు తీగలు. రెండు తీగల్లోంచి కరెంటు వెళ్ళి వస్తుంది, మిగతా రెండూ దానికి ఎంత అడ్డు తగిలిందో కొలిచి చెబుతాయి. ఆ అడ్డే ఎదురుగా తెర మీద గీతగా కనబడుతోంది. నున్నగా, బుద్ధిగా, మెట్లు దిగే ముసలాయనలా కిందికి దిగుతోంది. ఎనిమిదిన్నర దగ్గర అది ఉన్నట్టుండి సున్నాకి పడిపోవాలి. పడిందా, ఇరవై రెండేళ్ళ కిందట ఆవిడ తన కళ్ళతో చూసింది నిజం. పడలేదా, ఇన్నేళ్ళూ నలుగురూ పైకి అనకుండా అనుకున్నదే నిజం. ఇక మోచేతి కింద పెట్టుకున్న ఆ పాత నోట్‌బుక్కు సంగతంటారా, అది పడినా పడకపోయినా తేలాల్సిన సంగతి.

అవతలి బల్ల దగ్గర పిచ్చుక బిస్కట్టు కొరుకుతోంది. అసలు పేరు వేరే ఉంది కానీ ల్యాబులో అందరికీ ఆ పిల్ల పిచ్చుకే. ఏది తిన్నా గింజ ఏరినట్టు తింటుంది, ఏ పనికైనా గెంతుతూ వెళుతుంది, కానీ సూక్ష్మదర్శిని కింద తీగలు అతికించేటప్పుడు మాత్రం ఊపిరి కూడా బిగబట్టి రాయిలా కూర్చుంటుంది. పరిశోధన మొదలుపెట్టి మూడో ఏడు. వెంట్రుకలో ఐదో వంతు మందం ఉన్న బంగారు తీగను బొగ్గు లేపనంతో అంటించడం ఎవరికీ అంత చప్పున పట్టుబడదు, ఆవిడకే రెండేళ్ళు పట్టింది, ఈ పిల్లకు ఆరు నెలల్లో వచ్చేసింది. దేవుడిచ్చిన చెయ్యి అని ఆవిడ ఒకసారి మెచ్చుకుంటే, తుమ్ము కూడా ఇచ్చాడు మేడం, ఆ రోజే రెండు స్ఫటికాలు ఎగిరిపోయాయి అంది. అలాంటి పిల్ల. ఇరవై తొమ్మిది. గీత నున్నగానే ఉంది.

కరెంటు పారడం అంటే లోహాల పని, రాగి, వెండి, అల్యూమినియం. బొగ్గుతోనూ గంధకంతోనూ కట్టిన పదార్థాలు, అంటే మన ప్లాస్టిక్కుకీ కర్పూరానికీ దూరపు చుట్టాల్లాంటివి, కరెంటును గుమ్మంలోనే ఆపేస్తాయి. అలాంటి వాటిని రాగిలా ప్రవర్తించేట్టు చేయడమే కాక, బాగా చల్లబరిస్తే అడ్డన్నదే లేకుండా, నష్టమన్నదే లేకుండా కరెంటు పారేట్టు చేయడం, అతివాహకం అంటారు దాన్ని, అదీ ఆవిడ పని. ఎవరన్నా మీరేం చేస్తుంటారండీ అని అడిగితే ఇంత కథా చెప్పలేక, కెమిస్ట్రీ అంటుంది; అవతలివాళ్ళు అయితే మందులా అంటారు; కాదు అంటే మరి రంగులా అంటారు. వాసన అని చెప్పాలి నిజానికి. ఆ గంధకం సరుకు వండే రోజుల్లో వెయ్యి ముల్లంగులు కుళ్ళినట్టు ఉండేది ఒళ్ళంతా, ఎన్నిసార్లు స్నానం చేసినా జుట్టులోంచి పోయేది కాదు, బస్సులో ఆవిడ పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే, కాళ్ళు చాపుకుని హాయిగా వెళ్ళేది. పెళ్ళిచూపుల నాటికే ఆయనకు ఆ వాసన తెలుసు, ఎందుకంటే ఆ బస్సులో ఆ ఖాళీ సీటులో వచ్చి కూర్చున్న ఒకే ఒక్క మనిషి ఆయన. జలుబు చేసిందేమో అనుకుంది. తరవాత తెలిసింది, చేయలేదట. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం, సిరా వాసనకు అలవాటుపడ్డ ముక్కు, నీ దగ్గర కనీసం కొత్త వాసన వస్తుంది అన్నాడు. కూతురు పసిపిల్లప్పుడు ఆ వాసన లేని రోజు అమ్మ కాదని ఏడ్చేది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది ఆవిడకి, ఎంతమంది తల్లులకు దక్కుతుంది ఆ భాగ్యం!

ఇరవై ఆరు. వంట కంటే పెంపకం ఇష్టం ఆవిడకు. రెండు కాళ్ళూ మధ్యన వంతెనా ఉన్న గాజు గొట్టం, చెరో కాలులో ప్లాటినం తీగ, లోపల పదార్థం కరిగించిన సాల్వెంటు, తేనీటి రంగులో. అందులోంచి చీమ నడిచినంత కరెంటు, రోజుల తరబడి, వారాల తరబడి. గొట్టాల బీరువా కింద ఇసుక పోసిన పళ్ళెం, తలుపు మీద కాగితం: తలుపు గట్టిగా వేసినవాళ్ళను స్ఫటికాలు క్షమించవచ్చు, నేను క్షమించను. పదో రోజుకి తీగ చివర నల్లటి నూగులా ఏదో మొలుస్తుంది, ముప్ఫయ్యో రోజుకి వెలుతురులో తళుక్కుమనే పలకలవుతాయి. మొట్టమొదటిసారి అలా తళుక్కుమన్నప్పుడు ఆవిడకు పాతికేళ్ళు, పక్కన పెద్దాయన, అంటే ఆవిడ గురువుగారు, భూతద్దం పట్టుకుని, కదలకమ్మా, ఊపిరి కూడా అటు తిరిగి పీల్చు అన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్నవి రెండే. ఒకటి ఓపిక. రెండోది నోట్‌బుక్కు. చేసింది చేసినట్టు రాయి, చేస్తూ ఉండగా రాయి, తప్పు రాస్తే ఒక్క గీతే గీసి కొట్టేయి, కొట్టేసింది కింద కనబడుతూనే ఉండాలి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టు, ఇంకొకరి చేత సాక్షి సంతకం పెట్టించు. దాచుకోడానికి ఇదేం డైరీ కాదమ్మా. రబ్బరుతో తుడిచినవాళ్ళను గుమ్మం బయట నిలబెట్టేవారు. వయసులో పెద్దవాళ్ళను కూడా.

ఇరవై రెండేళ్ళ కిందట అదే చేత్తో పెంచిన ఒక పదార్థం ఎనిమిదిన్నర దగ్గర సున్నాకి పడింది. అప్పుడు తెరలు లేవు, గళ్ళ కాగితం మీద పెన్ను గీసుకుంటూ పోయేది, ఆ పెన్ను ఉన్నట్టుండి కిందికి దూకింది, చప్పుడుకు పెద్దాయన లేచి నిలబడ్డారు. అప్పటి గొట్టాల్లో ఏడు స్ఫటికాలు పెరిగితే మూడు కొలిచేలోపే చిట్లాయి, నాలుగోది పడింది, దాన్ని బయటికి తీసి మళ్ళీ చల్లబరిచేసరికి అదీ చిట్లింది, మిగిలినవి మరీ నలుసులు. అయినా పత్రిక అచ్చువేసింది, జనం చప్పట్లు కొట్టారు, నక్కతోక తొక్కావన్నారు. తరవాత మొదలైంది అసలు సంబరం. ఆవిడ రాసిన పద్ధతి అక్షరం పొల్లుపోకుండా పాటించి ఐదు దేశాలవాళ్ళు స్ఫటికాలు పెంచారు, ఒక్కటీ పడలేదు. ఆవిడే పెంచింది, ఒక్కటీ పడలేదు. వేరే ఊరి బట్టతలాయన పదకొండు కొలిచి, మాకు కనబడలేదు అని ఎంతో మర్యాదగా రాశాడు. సభలో ఒకాయన లేచి, మీ యంత్రంలో టంకం ఉంది కదా, సీసం కలిసిన టంకం ఏడు డిగ్రీల దగ్గర దానంతటదే సున్నాకి పడుతుంది, మీ థర్మామీటరు ఒకటిన్నర ఎక్కువ చూపిస్తోందేమో అన్నాడు. హాలంతా కిసుక్కుమంది. అప్పుడు పెద్దాయన వెనక వరసలోంచి లేచి, ఆ పుస్తకంలో ప్రతి పేజీ కిందా నా సంతకం ఉంది, అది అబద్ధమైతే నాదీ అబద్ధమే అని కూర్చున్నారు. ఆ సాయంత్రం నుంచి ఆవిడ పేరు ఒక్కసారి మేడం. ఎవరు పెట్టారో తెలియదు, కానీ పెట్టినవాడికి తెలివుంది. ఒప్పుకోవాలి.

అలాగని ఆవిడేమీ కుమిలిపోతూ కూర్చోలేదు, అదేం కథ, కుమిలిపోడానికి తీరికుండాలిగా. ఎనభై పైచిలుకు పదార్థాలు చేసింది, అందులో ఆరు నిజంగానే అతివాహకాలు, మూడు డిగ్రీల దగ్గరా నాలుగు డిగ్రీల దగ్గరా, ఎవరు ఎక్కడ పెంచినా పడేవి, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కాయి. తొమ్మిదిమందిని చదివించి పంపింది. బట్టతలాయన ఏడాదికోసారి ఫోను చేసి, ఏమ్మా, మీ ఎనిమిదిన్నర ఇంకా రాలేదా అంటాడు, ఇంకా రాలేదండీ, దారిలో ఉంది అంటుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. ఇంట్లో కొళాయి కారుతుంది, ఆయన ముందు గది నిండా ప్రూఫు కాగితాలు పరిచి కామాలు ఏరుతుంటాడు, కూతురు తెల్లారకముందే లేచి బేకరీకి పోతుంది, మధ్యాహ్నానికి చేతులకు పిండి అంటించుకుని వస్తుంది, ముగ్గురూ సాయంత్రం ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చుంటారు. ఇంతకంటే ఏం కావాలి మనిషికి అని చాలాసార్లు అనుకుంది, మనస్ఫూర్తిగానే అనుకుంది. కాకపోతే ఆ సోఫాలోనే ఒక్కోసారి, నవ్వుతూ ఉండగానే, ఆ పెన్ను దూకిన చప్పుడు వినిపించేది. చూశాను కదా, ఎక్కడికి పోయింది మరి? ఇరవై. కాఫీ చల్లారిపోయింది, తాగేసింది.

మూడు నెలల కిందట ఒక ఆదివారం కూతురు వంటగదిలోంచి కేకేసింది. అమ్మా, ఈ నూనె సీసా బిరడా మనది కాదు కదా, దీని మీద నంబరు చెక్కి ఉంది, ఎక్కడిది? ఆవిడ పట్టించుకోలేదు, ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయనే కాగితాల్లోంచి తల ఎత్తకుండా, అదా, నువ్వు పుట్టేటప్పుడు మీ అమ్మ ఆస్పత్రికి తెచ్చుకున్న సామాను అన్నాడు. నొప్పులొచ్చాయని ల్యాబు నుంచి నన్ను పిలిపించింది, వెళ్ళి చూద్దును కదా, ఓ చేత్తో కడుపు పట్టుకుంది, ఇంకో చెయ్యి పిడికిలి. ఆస్పత్రిలో నర్సు ఆ పిడికిలి విప్పితే ఇది బయటపడింది. తీరా చూస్తే ఆ నొప్పులు ఉత్తుత్తివి, పొద్దున్నే ఇంటికి పంపేశారు, రెండో రోజు మళ్ళీ ల్యాబుకి పరిగెత్తింది, ఆ సాయంత్రం అసలైన నొప్పులు. బిరడా మాత్రం నా జేబులోనే ఉండిపోయింది, పారేయడం ఎందుకని నూనె సీసాకి పెట్టాను, కాస్త వదులు, అయినా బాగానే కూర్చుంది. కూతురు పగలబడి నవ్వింది. ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆ బిరడా తీసి నూనె పోసింది ఈ చెయ్యి! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఎందుకంటే ఆ బిరడా సాల్వెంటు సీసాది. ఉల్లిపాయల ముందు నిలబడే మొత్తం చూసింది ఆవిడ, పొర పొరగా. ఆ సోమవారం పొద్దున సాల్వెంటు మరుగుతోంది, తేమ అనేది చుక్క లేకుండా ఆవిరి పట్టే ఏర్పాటు, అది పూర్తయ్యేలోగా ఎలాగూ ఖాళీయే కదా అని నోట్‌బుక్కులో రాసేసింది: సాల్వెంటును తేమ లేకుండా మరిగించి పట్టి, వెంటనే గొట్టాలలో నింపడమైనది. ఎప్పుడూ చేసే పనే కదా, ఐదు నిమిషాలు ముందు రాస్తే ఏమిటి? సీసా నిండింది, బిరడా పెడదామని చేతిలోకి తీసుకుంది, నొప్పి పట్టుకుంది. ఆ తరవాత సీసా నోరు తెరుచుకుని రెండు రోజులు బల్ల మీదే ఉంది, ఆ రెండు రోజులూ బయట ఒకటే వాన, గోడలు కూడా చెమర్చాయి. బుధవారం తిరిగొచ్చి ఆ సీసానే ఎత్తి గొట్టాల్లో పోసింది. బిరడా లేదని చూసిందా? చూసింది. ఏమవుతుందిలే అనుకుందా? అనుకుంది, అది కూడా గుర్తొచ్చింది, నడుం లాగేస్తోంది, ఈ రెండు గొట్టాలూ నింపేస్తే సెలవు పెట్టి హాయిగా పడుకోవచ్చు అనుకుంది. రాత్రికి పిల్ల పుట్టింది. పిల్ల పుట్టిన తల్లికి సీసా మూతలు గుర్తుంటాయా? ఏడు వారాలకు తిరిగొచ్చేసరికి స్ఫటికాలు తయారుగా ఉన్నాయి, నోట్‌బుక్కులో వాక్యం తయారుగా ఉంది. ఆ వాక్యం చదివి ఆవిడ కూడా నమ్మేసింది. ఆ తరవాత ఎవరికీ రాకపోయేసరికి ఇంకా బాగా ఆరబెట్టాలేమోనని ఇంకా బాగా ఆరబెట్టింది, ఒకసారి మరిగించేది రెండుసార్లు మరిగించింది, మడి కట్టుకున్నట్టు చేసింది, అందరికీ అలాగే చేయమని చెప్పింది. అతి సర్వత్ర వర్జయేత్ అన్నవాళ్ళు ఊరికే అనలేదు. ఆ స్ఫటికానికి కావలసిందే నీటిచుక్క. పొరకీ పొరకీ మధ్య నీళ్ళు వచ్చి కూర్చుంటేనే అది పడుతుంది, ఆవిడ లెక్క ప్రకారం. లెక్క తప్పయితే ఇంకో పావుగంటలో తేలిపోతుంది. పదహారు.

మర్నాడు ల్యాబుకి వెళ్ళి పిచ్చుకతో, ఈసారి కావాలని వందో వంతు నీళ్ళు కలిపి చూద్దాం అంది. ఆ పిల్ల కళ్ళు ఇంతయ్యాయి. మీకు ఎలా తట్టింది మేడం అంది. ఆవిడ నవ్వి ఊరుకుంది. అదే, ఆ నవ్వే, మూడు నెలలుగా ముల్లులా గుచ్చుతోంది. ఎలా తట్టడమేమిటి, నా మొహం, నూనె సీసా చెప్పింది. చెప్పేయవచ్చు కదా అప్పుడే? చెబితే ఆ వాక్యం సంగతి చెప్పాలి, వాక్యం సంగతి చెబితే పెద్దాయన సంతకం సంగతి వస్తుంది, ఆయన పోయి నాలుగేళ్ళు, ఆ పేజీ కింద పచ్చ సిరాతో ఆయన వంకర సంతకం, నమ్మి పెట్టిన సంతకం. పడ్డాక చెబుదాంలే అనుకుంది. పడితే అందరూ సంబరంలో ఉంటారు, తప్పు కూడా ముద్దుగానే వినిపిస్తుంది. నిన్న సాయంత్రం సోఫాలో ఇదే మాట భర్తతో అంటే, ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. అచ్చుకి ముందు దిద్దితే దిద్దుబాటు, అచ్చయ్యాక దిద్దితే తప్పొప్పుల పట్టిక, రెండింటికీ జీతం ఒకటే కానీ మర్యాద వేరు అన్నాడు. ఒళ్ళు మండింది ఆవిడకి, అన్నీ మీ అచ్చాఫీసు లెక్కలే అని లేచి వెళ్ళి పడుకుంది. పడుకున్నాక తెలిసింది మంట ఎందుకో.

పదమూడు. పడితే ఆ వాక్యం ఒక తమాషా కథ అవుతుంది. పడకపోతే ఆ వాక్యం ఒక సాకు అవుతుంది, చూశారా, నీళ్ళ వల్ల అనుకున్నాను అని. రెండూ కాకుండా, ఉన్నది ఉన్నట్టుగా చెప్పడానికి ఇంక ఎనిమిది తొమ్మిది నిమిషాలే ఉంది, ఆ గీత ఇంకా ఎటూ తేలకుండా ఉన్నప్పుడే. పెద్దాయన ఉంటే ఏమనేవారు? తిట్టేవారు. సంతకం పెట్టినవాడిదీ తప్పేనమ్మా, సీసా చూడకుండా పెట్టాను అనేవారు, తరవాత ఇటు తే అని కళ్ళజోడు వెతుక్కునేవారు. ఆ కళ్ళజోడు వెతుక్కోవడం తలపుకొచ్చేసరికి ఆవిడకి గుండె తేలికపడింది, ఎందుకో ఏమిటో, భయం ఉన్నట్టుండి చాలా చిన్నదైపోయింది. కుర్చీ ముందుకు లాక్కుని నోట్‌బుక్కు తెరిచింది. పేజీలు పసుపు రంగుకు తిరిగాయి, చేతిరాత మాత్రం ఎంత గట్టిగా ఉందో, ఎంత నమ్మకం ఉండేదో అప్పటి ముప్ఫై నాలుగేళ్ళ తనకి.

"పిచ్చుకా, ఇలా రా అమ్మా. సంతకం ఒకటి కావాలి."

"ఇప్పుడా మేడం? పన్నెండుకి వచ్చేసింది."

"ఇప్పుడే. అది పడేలోపే."

చెప్పింది. కూర్చోబెట్టి, అటూ ఇటూ తిప్పకుండా, బిరడా, వాన, ముందే రాసిన వాక్యం, ఏమవుతుందిలే అనుకోవడం, అన్నీ. పిచ్చుక బిస్కట్టు ముక్క చేతిలో అలాగే పట్టుకుని వింది.

"అంటే... నేను రెండేళ్ళు ఆ సాల్వెంటు ఆరబెట్టి ఆరబెట్టి చచ్చానే మేడం!"

"అవును."

"నా చేతులు పగిలిపోయాయి. మా అమ్మ చూసి ఏడ్చింది."

"తెలుసమ్మా. నీకు ముందు ఇంకో నలుగురు. అందరికీ చెప్పాలి, ఒక్కొక్కళ్ళకీ ఉత్తరం రాస్తాను. తప్పు నాది."

"మరి మూడు నెలల నుంచీ తెలుసు కదా. నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

అంతే అంది. ఇంకేమన్నా అంటే అది అలంకారం అవుతుంది. పిచ్చుక ఆవిడ మొహంలోకి చూసింది, కోపంగానే చూసింది, అది న్యాయమే. చూస్తూ చూస్తూ ఉండగా ఆ పిల్ల పెదవి చివర వణికి, ఏడుస్తుందేమో అనుకుంటే, నవ్వింది. "నూనె సీసాకా మేడం? నిజంగా నూనె సీసాకే పెట్టారా?" అని, బిస్కట్టు పొడి అంతా పేజీ మీద రాలేలా నవ్వి, మళ్ళీ ఆ పొడి భయంభయంగా ఊదేసింది. నవ్వుతోంది కానీ కళ్ళు తుడుచుకుంది. తరవాత, "సరే, కొట్టేయండి, నేను చూస్తాను" అంది.

ఆవిడ పెన్ను తీసింది. ఒక్క గీత, తిన్నగా, కింద అక్షరాలు కనబడేట్టు. నింపడమైనది అనే మాట మీదుగా గీత వెళ్ళేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది, ఆగి ముందుకు పోయింది. పైన రాసింది: ఇది ముందుగా రాసిన వాక్యం, ఇలా జరగలేదు. సీసా రెండు రోజులు మూత లేకుండా వానగాలిలో ఉంది, నాకు తెలిసే నింపాను, రాయలేదు. తేదీ, సంతకం. పచ్చ సిరా సంతకం కిందే ఉంది, దానికి తగలకుండా పక్కన కొంచెం చోటు చూపించి, ఇక్కడ పెట్టు అంది. పిచ్చుక పెన్ను అందుకుని, పూర్తి పేరు రాయాలా మేడం అని అడిగింది, పూర్తిగానే రాయి అంది ఆవిడ, పిచ్చుక అని రాస్తే ఎవరూ నమ్మరు. ఆ పిల్ల తీగలు అతికించేటప్పటిలా ఊపిరి బిగబట్టి, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరం గుండ్రంగా రాసింది. ఆవిడ ఆ అక్షరాలే చూస్తూ కూర్చుంది. ఇంత అందమైన సంతకం ఈ పిల్లకి ఉందని మూడేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు.

ఇద్దరూ తల ఎత్తేసరికి తెర మీద ఏడు పాయింటు తొమ్మిది అని ఉంది. గీత అడుగున పడుకుని ఉంది.

"మేడం."

"నువ్వు చూశావా?"

"లేదు, సంతకం పెడుతున్నాను! మీరు?"

"నేను నీ సంతకం చూస్తున్నాను."

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ మాత్రం లేచి గంతులు వేయలేదు, ఇలాంటి సున్నాలు చాలా చూసింది, కొలిచే తీగ ఊడినా సున్నాయే వస్తుంది, ఎంతమంది ఊడిన తీగను చూసి ఇంట్లోవాళ్ళకి ఫోన్లు చేశారో ఆవిడకి తెలుసు. కరెంటు తిప్పి పంపించమంది. సున్నా. తీగల జత మార్చమంది. సున్నా. తీగలు ఊడలేదు, నాలుగూ గట్టిగా ఉన్నాయి, టంకం అనేది ఈ కడ్డీలో ఎక్కడా లేదు, బొగ్గు లేపనమే. పిచ్చుక వేళ్ళు మీటల మీద గెంతుతున్నాయి, జరిగిపోయిన గీతను వెనక్కి తెచ్చి చూపించింది, ఎనిమిది పాయింటు నాలుగు దగ్గర నిటారుగా, గోడ దిగినట్టు. పన్నెండుకి వేడి చెయ్యి అంది ఆవిడ. చేసింది. గీత పైకి లేచింది, ఎక్కడ ఉండాలో అక్కడికి. మళ్ళీ చల్లార్చు. పదకొండు, పది, తొమ్మిది, ఇద్దరూ కుర్చీలు దగ్గరకు జరుపుకున్నారు, ఎప్పుడు పట్టుకుందో తెలియదు పిచ్చుక ఆవిడ మణికట్టు పట్టుకుంది, ఎనిమిదిన్నర, ఎనిమిది పాయింటు నాలుగు, పడింది. కళ్ళెదుట పడింది. ఆవిడ అమ్మయ్య అంది, పైకే అంది, అని ఏడ్చింది, కొంగూ రుమాలూ దొరక్క చేత్తోనే తుడుచుకుంది. ఇంకోసారి వేడి చేశారు, ఇంకోసారి పడింది. వరసగా మూడుసార్లు అదే చోట పడ్డదాన్ని ఎవరూ కాదనలేరు, నియమం ప్రకారం అది చాలు, ఇక కడ్డీ మెల్లగా పైకి తీసి ఇంటికి పోవచ్చు.

"తీసేయనా మేడం?" అంది పిచ్చుక.

"ఉండు, ఇంకొక్కసారి చెయ్యి," అంది ఆవిడ. "అవసరం లేదు. ఊరికే, చూడాలనుంది."